కుడి మలుపు

రెండో వరద వచ్చిన ఏడాది సంగతి. మొదటి వరద గురించి మా నాన్న చెప్పగా విన్నదే. రెండోది నేను మోకాలి లోతున నిలబడి చూశాను. ఆగస్టు నెలాఖరున వాగు దుంగలతో దిగి రంపపు మిల్లునూ, రెండు వంతెనలనూ, మా గొడ్లపాకలో సగాన్నీ పట్టుకుపోయింది. మా ఇంటి కింది గదిలో, అంటే నా బూట్ల కొట్టులో, నీళ్ళు మూడు రోజులు నిలిచాయి. నాలుగో రోజు బురద ఎత్తిపోశాను. మా నాన్న పరిచిన చెక్కపలకల నేల కడిగాను. ఒక్క పలకా ఉబ్బలేదు. ఇల్లు నిలిచిందనుకున్నాం.

నేను ముందు కొండ బూట్లు కుట్టేవాణ్ణి. తోలు పోయి, మంచుమీద జారడానికి వేసుకునే ప్లాస్టిక్ స్కీ బూట్లు వచ్చాక కుట్టే పని పోయింది, సరిచేసే పని మిగిలింది. మా లోయలో స్కీ పందేల్లో దిగే పిల్లలందరి బూట్లూ నా చేతిమీదుగానే వెళ్ళేవి.

నా కూతురు ఇర్మాకు అప్పుడు పంతొమ్మిది. ఆ చలికాలమే ఆఖరి అవకాశం. మార్చి మొదటి ఆదివారం జరిగే పందెంలో మొదటి ముగ్గురిలో ఉంటే పెద్ద జట్టులోకి తీసుకుంటారు. లేకపోతే వయసు దాటిపోతుంది. పెద్ద హోటల్లో గదులు సర్దే పనికి వాళ్ళమ్మ త్రేజెలె అప్పటికే మాట అడిగి పెట్టింది.

“జట్టులోకి వస్తే హోటలు వాళ్ళకి ఏం చెబుతావే అమ్మా?” అని ఇర్మా అడిగేది.

“చచ్చిపోయిందని చెబుతాలే. ముందు నువ్వు రా.”

ఆ ఏడే కొత్త రకం స్కీలు వచ్చాయి. నడుము సన్నం, ముందూ వెనకా వెడల్పు. పాతవాటిని తోసి తిప్పాలి. వీటిని అంచుమీద నిలబెడితే చాలు, వాటంతట అవే తిరుగుతాయి. ఎంత ఒరిగితే అంత తిరుగుతాయి. బాగా వచ్చినవాళ్ళు తుంటి మంచుకు ఆనేదాకా ఒరుగుతారు. వెనక రెండు సన్నని గీతలు మిగులుతాయి. అంతగా ఒరగాలంటే కాలికీ స్కీకీ మధ్య ఏ వదులూ ఉండకూడదు. ఆ మధ్యలో ఉండేది బూటు. బూటుకు జవాబుదారు నేను.

నవంబరులో ఇర్మా కొత్త బూట్లు తెచ్చుకుంది. లోపలి మెత్త తీసేసి ఉత్త ప్లాస్టిక్ డొప్పలో కాలు పెట్టించాను. మడమ వెనక ఒక వేలు పట్టింది. రెండు పడితే బూటు పెద్దదని లెక్క. మెత్త పెట్టి పట్టీలు బిగించాను.

“వేళ్ళు నలిగిపోతున్నాయి నాన్నా.”

“మోకాళ్ళు వంచు.”

వంచింది. మడమ వెనక్కి వెళ్ళి కూర్చుంది.

“ఇప్పుడు?”

“ఇప్పుడు ఫర్వాలేదు.”

“స్కీలమీద నిటారుగా నిలబడేది హోటలుకొచ్చే వాళ్ళే.”

చీలమండ ఎముక నొక్కుకునే చోట డొప్పను వేడి చేసి లోపలినుంచి ఉబ్బించాను. పాదం వంపుకు సరిపోయేలా అడుగుమెత్త కోశాను. ఆఖరున దారం. కిటికీ దగ్గర, వాగు వైపు మూలలో, వెలుతురు బాగా పడే చోట పిల్లల్ని నిలబెడతాను. మోకాలిచిప్ప మధ్యలో పెన్సిలు చుక్క పెట్టి, అక్కణ్ణుంచి దారంతో సీసపు గుండు వేలాడదీస్తాను. అది బూటు నడిమి గీతకు రవ్వంత లోపలగా ఆగాలి. ఎక్కువ తేడా ఉంటే బూటు అడుగు ఒక అంచున చెక్కి, కాలిని సరైన చోటికి తెస్తాను. బ్రూనికో పట్టణంలో దీనికి యంత్రం పెట్టారు. నాకు అక్కర్లేదు. దారం అబద్ధం చెప్పదు అని కొట్టుకొచ్చిన ప్రతివాడితోనూ అనేవాణ్ణి. నేను మాట్లాడే నాలుగు మాటల్లో అదొకటి.

ఇర్మా ఎడమ మోకాలి గుండు గీతకు చాలా లోపల పడింది.

“పోయినేడు ఇలా లేదుగా?” అంది ఇర్మా.

“పెరిగావు.”

“పంతొమ్మిదేళ్ళకా?”

“మోకాళ్ళు పెరుగుతాయి.”

త్రేజెలె మెట్లమీద నిలబడి వింటోంది. “ఒళ్ళు ఆగిపోయి మోకాళ్ళు ఒక్కటే ఎట్లా పెరుగుతాయయ్యా? పొయ్యిమీద గంజి పొంగినట్టా?” అని నవ్వింది.

నేను నవ్వలేదు. ఎడమ బూటు అడుగున బయటి అంచు రెండు మిల్లీమీటర్లు చెక్కాను. కుడిది ఎదురు వైపు పడింది, దాన్ని లోపలి అంచున చెక్కాను. కొలతలు గోడమీద పెన్సిలుతో రాసుకున్నాను. మిగతా పిల్లల బూట్లూ ఆ వారంలోనే చేశాను.

డిసెంబరులో మంచు బాగా పడింది. మా వాళ్ళు సాధన చేసే వాలును గద్దముక్కు అంటాం. శిక్షణ ఇచ్చేది లోయిస్, మా పినతండ్రి మనవడు. నోరు పెద్దది, మనిషి మంచివాడు. నేను పాలు అప్పగించడానికి వెళ్ళినప్పుడు వాలు కింద నిలబడి చూసేవాణ్ణి.

ఇర్మా ఎడమకు తిరిగితే చూడాలి. ముందు చీలమండ వాలుతుంది, తర్వాత మోకాలు, ఆఖరున తుంటి. లోపలి కాలు ముడుచుకుని ఛాతీ దగ్గరకొస్తుంది. భుజాలు మాత్రం నేలకు సమానంగా ఉంటాయి. బరువంతా బయటి కాలిమీద ఉంటుంది. మంచు చిరిగిన శబ్దం వస్తుంది, అంతే. కుడికి తిరగాలంటే బరువు ఎడమ కాలిమీద పడాలి. అక్కడికొచ్చేసరికి స్కీ పట్టు వదిలేసేది. గరగరమని జారేది. ఒరగబోయి ఆగిపోయేది.

“ఎడమకి పులి, కుడికి పిల్లి!” అని లోయిస్ కొండంతా వినపడేలా అరిచేవాడు. “తొందరపడకే తల్లీ! స్కీ పట్టేదాకా ఆగు! పట్టాక పడుకో!”

“పట్టడం లేదు!”

“నువ్వు పడుకోవడం లేదు, అందుకే పట్టడం లేదు!”

వారాలు గడిచినా అదే. ఒకసారి లోయిస్ నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

“బాబాయ్, ఏమీ అనుకోకు. దానికి కుడివైపు భయం పట్టుకుంది. పెద్దపిల్లని చూసి చిన్నవాళ్ళకీ అంటుకుంటోంది. వాళ్ళూ కుడికి ఒరగడం లేదు.”

నేను పాలడబ్బాలు తీసుకుని ఇంటిదారి పట్టాను.

ఆ రాత్రి భోజనం దగ్గర ఇర్మా బూట్లు ఒళ్ళో పెట్టుకుని చూశాను. బాగా ఒరిగినప్పుడు బూటు లోపలి పక్క మంచుకు రాసుకుంటుంది. కుడి బూటు పక్కంతా గీతలే. ఎడమది కొట్లోంచి తెచ్చినట్టే ఉంది. బార్లీ గంజి చల్లారిపోతోంది. వాళ్ళిద్దరూ నేనేమంటానా అని చూస్తున్నారు.

“భయం,” అన్నాను.

ఇర్మా చెంచా కింద పెట్టింది. “నాకు భయం లేదు నాన్నా. అది నిలబడటం లేదు.”

“బూటు సరిగ్గానే ఉంది. దారంతో చూశాను.”

“అయితే నేనే సరిగ్గా లేను.”

“పిల్లని అంత మాట అనేదేంటయ్యా?” అని త్రేజెలె లేచింది. “నువ్వు గోడతో మాట్లాడినట్టు మాట్లాడేది రోజుకి ఒక్క మాట, అదీ ఇదేనా?”

నేను గంజి తాగాను.

జనవరిలో దక్షిణపు వెచ్చగాలి దిగింది. పదకొండు రోజులు ఆగలేదు. కప్పుమీది రేకులు కొట్టుకుంటూనే ఉన్నాయి. మంచు మెత్తబడి మళ్ళీ గట్టిపడి గాజులా అయింది. ఇంట్లో ఎవరికీ కూర్చోబుద్ధి కాలేదు. నేను ఒక బూటు పట్టుకుని, దాన్ని వదిలి ఇంకొకటి పట్టుకునేవాణ్ణి. త్రేజెలె ఉతికిన గుడ్డలే ఉతికేది. ఇర్మా నిలబడే తినేది. పొయ్యి పక్కన ఎడమ కాలిమీద నిలబడి మోకాలిని గోడకేసి లోపలికి నొక్కుతూ ఉండేది. ఇరవైసార్లు, మళ్ళీ ఇరవైసార్లు. పాలు పితికేటప్పుడు రెండు మోకాళ్ళ మధ్య బిందె ఇరికించుకునేది. మోకాలి లోపలి పక్క కమిలిపోయింది.

“ఏంటే అది?” అని వాళ్ళమ్మ అడిగింది.

“అదనంగా నొక్కితే కొంచెం పడుతోంది. స్కీ తనంతట తను రానంటే నేనే లాక్కొస్తా.”

“నొప్పి లేదా?”

“ఉంది. అయితే ఏం?”

నిజంగానే ఫిబ్రవరి నాటికి కుడి మలుపు కాస్త పట్టింది. ఎడమంత లేదు. నాలుగో స్థానం, ఐదో స్థానం వచ్చేది. లోయిస్ కేకలు తగ్గాయి. “పిల్లి కాస్త ఎదిగింది,” అనేవాడు.

పందేనికి ముందు బుధవారం ఒక పిల్లవాడి పట్టీ విరిగిందంటే, దాన్ని ఇచ్చిరావడానికి మనుషుల్ని కొండమీదికి మోసే కుర్చీల తాడుమీద పైకి వెళ్ళాను. పొద్దున్నే పిల్లలు ఒకసారి దిగి వెళ్ళారు. వాలుమీద ఇంకెవరూ తిరగలేదు. కుర్చీలోంచి కిందికి చూస్తే జాడలన్నీ కనపడుతున్నాయి.

ఎడమ మలుపు దగ్గర గీతలు శుభ్రంగా ఉన్నాయి. కుడి మలుపు దగ్గర చీపురుతో ఊడ్చినట్టుంది. మలుపుకు గుర్తుగా పాతిన తర్వాతి గుంజ దగ్గరా అంతే. ఒకటో రెండో జాడలైతే ఇర్మావి అనుకుందును. అన్నీ అలాగే ఉన్నాయి. పన్నెండు మంది పిల్లలు. వాళ్ళ పక్కనుంచి ఒంటరిగా ఒక జాడ దిగింది. అది లోయిస్ ది. రెండు వైపులా కోసినట్టే ఉంది. లోయిస్ బూట్లు నేను చేసినవి కావు.

పట్టీ ఇచ్చి నడిచే కిందికి దిగాను. కుర్చీలో కూర్చోలేకపోయాను.

కొట్లోకెళ్ళి గోడమీది కొలతలు చదివాను. నాకు చదువు మూడేళ్ళే, అంకెలు మాత్రం వస్తాయి. పన్నెండు జతలు. పన్నెండు ఎడమ మోకాళ్ళూ లోపలికి. పన్నెండు కుడి మోకాళ్ళూ బయటికి. ఒక్కటీ తేడా లేదు. వారం రోజులు వరసగా రాసుకున్నాను, ఒక్కసారీ కలిపి చూడలేదు.

డబ్బాలోంచి ఒక ఇత్తడి రివెట్టు తీసి, పిల్లల్ని నిలబెట్టే పలకమీద పడుకోబెట్టాను. అది కాసేపు ఆలోచించి, వాగు వైపు గోడదాకా దొర్లింది. నేల వాలు చూపే రసమట్టం వెతికి తెచ్చి పెట్టాను. బుడగ పక్కకు పోయి ఆగింది. ఆ మూలకింద మట్టిని వాగు తోడేసింది. పలకలు ఒక వేలు మందం దిగాయి. ఆ ఒక్క చోటే.

దారం అబద్ధం చెప్పలేదు. నేల సమంగా ఉందో లేదో నేను అడగలేదు.

కూర్చుని ఎంతసేపయిందో తెలీదు. పైన త్రేజెలె గిన్నెలు తోముతోంది. ఇర్మా ఇంకా రాలేదు. వచ్చాక చెబుదామనుకున్నాను. వచ్చింది, చెప్పలేదు. పందేనికి నాలుగు రోజులుందనగా బూట్లమీద అనుమానం పెడితే పిల్ల గుంజల మధ్య తడబడుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. మిగతాది ఏంటో నాకు తెలుసు. ఆ ఇంట్లో పిల్లది భయమన్నవాణ్ణి నేను.

గురువారం ఇర్మా హోటలుకి వాళ్ళమ్మతో వెళ్ళినప్పుడు బూట్లు తీశాను. ఎడమదాని లోపలి అంచు కూడా అంతే చెక్కి సమం చేశాను. తగ్గిన ఎత్తుకు కింద ప్లాస్టిక్ పలక వేసి బిగించాను. కుడిదానికి బయటి అంచున అదే చేశాను. రసమట్టంతో చూశాను, దారంతో చూశాను, మళ్ళీ రసమట్టంతో చూశాను. నా జీవితంలో అంత బాగా చేసిన జత లేదు.

త్రేజెలె వచ్చి బల్లమీద పొట్టు చూసింది. “మళ్ళీ విప్పావేంటి?”

“జిగురు ఊడింది.”

“దానికి చెప్పావా?”

“చెబుతా.”

శుక్ర, శనివారాలు మంచు తుఫాను. వాలు మూసేశారు. ఇర్మా ఆ బూట్లు వేసుకుని ఒక్కసారి కూడా దిగలేదు. పైగదిలో అటూ ఇటూ నడుస్తూనే ఉంది. ఆమె అడుగులు నా తలమీద వినిపిస్తూనే ఉన్నాయి. రెండుసార్లు మెట్లదాకా వెళ్ళాను. రెండుసార్లూ పొయ్యిలోకి కట్టెలు తెచ్చాను.

ఆదివారం ఎండ కాసింది. మంచు గట్టిగా ఉంది. ఇర్మాది పద్నాలుగో నంబరు. నేను వాలు నడిమిలో, అదుపు తప్పినవాళ్ళని ఆపడానికి కట్టిన వల పక్కన నిలబడ్డాను. త్రేజెలె జపమాల పట్టుకుని కిందే ఉండిపోయింది. చూడలేనంది.

మొదటి గుంజ ఎడమకు. తుంటి మంచుకు ఆనింది. రెండోది కుడికి. స్కీ టక్కున కరిచింది. ఇర్మా తూలింది, నిలదొక్కుకుంది. పక్కనున్న లోయిస్ ఊపిరి పీల్చాడు.

“చూశావా బాబాయ్! పట్టింది! కుడికి పట్టింది!”

మూడు, నాలుగు. వేగం పెరిగింది. నాలుగో గుంజ దగ్గర కూడా స్కీ ముందే కరిచింది, ఎలాగో బయటపడింది. ఆమెకు ఏమీ అర్థం కాలేదని దూరంనుంచే తెలిసింది. అర్థం కానప్పుడు ఏం చెయ్యాలో చలికాలమంతా నేర్చుకుంది. ఆరో గుంజకు ఎడమ మోకాలిని గోడకేసి నొక్కినట్టు నొక్కింది, ఉన్న బలమంతా పెట్టి.

ఒళ్ళు లోపలికి ఒరగకముందే స్కీ తిరిగిపోయింది. ఆమెను బయటికి విసిరేసింది. నా ముందునుంచే వలలోకి వెళ్ళింది.

నేను వెళ్ళేసరికి లేచి కూర్చుంది. పెదవి చిట్లింది. ఇంకేమీ కాలేదు. ఒక స్కీ కింద చాలా దూరంలో ఇంకా జారుతూ పోతోంది.

లోయిస్ పరుగెత్తుకొచ్చాడు. “మళ్ళీ అటే! అసలు ఎందుకే అలా బిగుసుకుపోయావు?”

ఇర్మా అతణ్ణి చూడలేదు. నన్ను చూసింది.

“నువ్వన్నదే నిజం నాన్నా,” అంది. “భయమే. పట్టిందని తెలిసి కూడా నమ్మలేకపోయాను. ఇంకా నొక్కాను.”

చేతి తొడుగుతో పెదవి తుడుచుకుంది. ఏడవలేదు. పంతొమ్మిదేళ్ళ పిల్ల తనగురించి ఒక సంగతి ఖాయం చేసేసుకుని, ఇక దాంతో బతకడానికి సిద్ధపడిన ముఖం అది. మొదటి ముగ్గురి పేర్లు గంట తర్వాత చదివారు. మేము వినడానికి ఆగలేదు.

ఇంటికొచ్చాక త్రేజెలె గంజి పోసింది. ఇర్మా ఈసారి కూర్చునే తింది. “రేపు హోటలుకి వెళ్ళి అడుగుతానమ్మా, ఎప్పట్నుంచి రమ్మంటారో,” అంది మామూలుగా.

నేను లేచాను. “కిందికి రా,” అన్నాను.

“ఇప్పుడా?”

“ఇద్దరూ రండి.”

కిటికీ దగ్గర పలకమీద రసమట్టం పెట్టాను. ఇర్మా వంగి బుడగను చూసింది. తర్వాత గోడమీది అంకెలు చూసింది. దానికి నాకంటే చదువెక్కువ, నాకు పట్టినంతసేపు పట్టలేదు.

“మరి ఇవాళ?” అంది.

“సరిచేశాను. గురువారం.”

“అందుకే కరిచింది.”

“ఊఁ.”

“నేను ఊరికే నిలబడి ఉంటే సరిపోయేదేమో. మామూలుగా ఒరిగి ఉంటే.”

“సరిపోయేది.”

వాగు చప్పుడు వినపడుతోంది. త్రేజెలె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“నీకు ఎప్పుడు తెలిసింది నాన్నా?”

అదొక్కటే అడుగుతుందని నాకు తెలుసు. “బుధవారం,” అన్నాను.

ఆమె రసమట్టం తీసి జాగ్రత్తగా బల్లమీద పెట్టింది. మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం పైన అడుగుల చప్పుడు లేదు. త్రేజెలె ఒక్కమాటే అంది: “నాలుగు రోజులు కడుపులో పెట్టుకుని మాతో గంజి తాగావా?”

మర్నాడు పొద్దున్నే పాలడబ్బాలు మోసే చెక్కబండిని మంచుమీదికి లాగి, తాడు భుజాన వేసుకున్నాను. ముందు లోయిస్ ఇంటికి వెళ్ళాను. అతని కొడుకు బూట్లూ నేను చేసినవే. తలుపు తీసింది లోయిస్ భార్య పౌలా. ఎవరిళ్ళకీ వెళ్ళే అలవాటు లేక, పదిహేనేళ్ళుగా నేను వాళ్ళ గడప తొక్కలేదు.

“అయ్యో మామయ్యా, ఎవరైనా పోయారా?”

“లేదు. లోయిస్ ని పిలువు.”

లోయిస్ ముఖానికి సబ్బు నురగతో వచ్చాడు. నేను టోపీ తీశాను.

“ఇర్మాకి భయం లేదు,” అన్నాను. “మీవాడికీ లేదు. ఎవరికీ లేదు. నా కొట్లో నేల దిగింది. దానిమీద నిలబెట్టి అందరి బూట్లూ తప్పుగా చెక్కాను. మీవాడివి ఇవ్వు. సరిచేసి తెస్తా.”

సబ్బు గడ్డంమీద ఆరిపోతోంది.

“దాన్ని పిల్లి అన్నాను కదయ్యా నేను,” అన్నాడు. “ఊరందరి ముందూ.” తర్వాత అడిగాడు: “నీకెప్పుడు తెలిసింది?”

“బుధవారం.”

బూట్లు తెచ్చి బండిలో పడేశాడు. ఎక్కడ పడ్డాయో కూడా చూడలేదు.

తర్వాత పై ఇంటికి, ఆ తర్వాత చర్చి వెనక ఇంటికి, అక్కణ్ణుంచి వంతెన అవతలికి. మధ్యాహ్నానికి పదకొండు ఇళ్ళూ అయ్యాయి. ఒకరు తిట్టారు, ఒకరు సారా గ్లాసు పోశారు, ఒక ముసలమ్మ తలుపు వేసేసి బూట్లు కిటికీలోంచి అందించింది. ప్రతి గడప దగ్గరా ముందు ఇర్మా మాట చెప్పాను, తర్వాత బూట్లు అడిగాను. ప్రతి గడప దగ్గరా ఎప్పుడు తెలిసిందని అడిగారు. ప్రతి గడప దగ్గరా బుధవారమనే చెప్పాను.